ఏ తోట మీద అప్పు?

త్రినాధరావు తలుపులమ్మని చెల్లెమ్మా అని పిలుస్తాడు. అతని మీద ఆమెకున్న మొదటి కోపం అదే. తోడబుట్టినవాడికి కూడా రాని తీపి ఆ పిలుపులో ఉంటుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో కమీషను కొట్టు నడిపినన్నాళ్ళూ, రంగు తక్కువుందని రైతు ముఖం మీదే ధర కోసేటప్పుడు కూడా బావా అనో మావా అనో అంత తియ్యగానే పిలిచేవాడు. ఇప్పుడు కొట్టు మూసేసి నవగోపురం హోమ్స్ అనే ఇళ్ళు కట్టే కంపెనీకి బాండ్లు అమ్ముతున్నాడు. ఆ పొద్దున్న తలుపులమ్మ టీ గ్లాసు అతని చేతికిచ్చి, గుమ్మం వార నిలబడి, "అన్నయ్యా, ఆ కంపెనీకి అప్పులెంతున్నాయి?" అని అడిగింది. అతను ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"టీలో బెల్లం ఓ పలుకు ఎక్కువైంది చెల్లెమ్మా. ముందు అది సూసుకో."

నానాజీ నవ్వాడు. మొగుడు నవ్వకుండా ఉంటే ఆ మాట ఆమెకి అంత లోతుగా దిగేది కాదు. గ్లాసులు పట్టుకుని పెరట్లోకి పోయి కడుగుతూ, కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది. అడిగింది తప్పా? బాండ్లలో పెట్టబోయే డబ్బు ఎక్కడిది? కె. కోటపాడు రోడ్డు పక్కన ఆమె తండ్రి ఎర్రయ్య పసుపు కుంకుమ కింద ఇచ్చిన నలభై సెంట్ల చెరకు తోటది. నోటిమాటగా ఇచ్చి ఊరుకోకుండా ఆమె పేరునే రిజిస్టరు చేయించి పోయాడు ఆయన. నానాజీ అచ్యుతాపురం కంపెనీ బస్సు తోలుకుంటూ తెల్లారకుండా వెళ్ళిపోతే, ఆ చెరకులో కలుపు తీసిందీ, గడలు పడిపోకుండా ఆకు చుట్టిందీ, నీళ్ళ వంతు కోసం గట్టు మీద కాపలా కూర్చున్నదీ ఆమే. ఊళ్ళో మాత్రం దాన్ని నానాజీ తోట అంటారు. ఆమె కూడా అలాగే అనేది.

సిమెంటు కొట్టు బంగారయ్య సెంటు ఎనభై వేలకి అడిగాడు. మొత్తం ముప్పై రెండు లక్షలు. అది నవగోపురం బాండ్లలో పెడితే నూటికి రూపాయిన్నర వడ్డీ, నెలకి నలభై ఎనిమిది వేలు, కాలు మీద కాలేసుకుని. నానాజీకి జీతం పదహారు వేలు. ఆశ పుట్టదూ? ఆమెకే పుట్టింది. కూతురు హాసిని డిగ్రీ అయిపోతోంది, పైచదువుకి విశాఖపట్నం పంపాలి. కానీ ఆమెతో ఒక్క మాట చెప్పకుండా నానాజీ బంగారయ్య దగ్గర రెండు లక్షల నలభై వేలు బయానా పుచ్చుకున్నాడు. పుచ్చుకున్న సాయంత్రమే త్రినాధరావు చేతిలో పోసి, తన పేరున ఒక బాండు రాయించుకు వచ్చాడు. సోమవారం రిజిస్ట్రేషను. ఆ రోజు ఆమె చెయ్యాల్సిన పని ఉతికిన చీర కట్టుకుని వెళ్ళి సంతకం పెట్టడం.

ఆ మధ్యాహ్నం హాసిని చేత కంపెనీ పుస్తకం చదివించింది. రంగుల బొమ్మల పుస్తకం కాదు, త్రినాధరావు సంచిలోంచి తీసి కాళ్ళూపుకుంటూ పక్కన పడేసి మర్చిపోయిన లెక్కల పుస్తకం. హాసిని బీకామ్. తల్లి బెండకాయలు తరుగుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"దీర్ఘకాలపు అప్పులు మూడొందల పది కోట్లు. పోయినేడు నూట నలభై."

"దీర్ఘకాలపంటే?"

"ఏడాది దాటాక కట్టొచ్చు. ఐదేళ్ళకి, పదేళ్ళకి అలగ."

"అయితే తొందర లేదన్నమాట." తలుపులమ్మకి ఒక్క క్షణం గుండె తేలికైంది. "మరి ఈ ఏటికి కట్టాల్సింది ఏటీ లేదా?"

హాసిని పేజీలు తిప్పింది. "ఉందమ్మా, ఏరేగా రాసేరు. పాత అప్పుల్లో ఈ సంవత్సరంలోపు తీర్చాల్సిన భాగం తొంభై ఆరు కోట్లు. బ్యాంకులో ఉన్నది పదకొండు కోట్లు."

"ఇళ్ళు అమ్మిన డబ్బుల్తో కడతారేమో."

"కట్టని ఇళ్ళకి కూడా అడ్వాన్సులు తీసీసుకున్నారు. అవి కూడా అప్పు కిందే రాసేరు, ఇల్లియ్యాలి కదా మరి." ఇంకో పేజీ. "ఇదిగో, ఎలగ కడతామో రాసేరు. కొత్త బాండ్లు అమ్మి."

కత్తిపీట మీద తలుపులమ్మ చెయ్యి ఆగింది.

ఎర్రయ్య ఏటేటా బెల్లం కొట్టులో పెట్టుబడికి అప్పు తెచ్చుకునేవాడు. గానుగాడాక బెల్లం దిమ్మలు ఆ కొట్టుకే వేసి తీర్చాలి. ఈ చుట్టుపక్కల అదే మర్యాద. షావుకారు ఎంత ఎక్కువ పెట్టుబడి ఇస్తే ఆ రైతు అంత పెద్దవాడు. అప్పు పుట్టినవాడికి కొట్టులో బల్ల మీద చోటు, పుట్టనివాడు మెట్ల మీద కూర్చోవాలి. ఎర్రయ్యకి బల్ల మీదే చోటుండేది. అయినా ఆయన కొత్తగా నాటిన మొక్క తోట మీద అప్పు తెచ్చేవాడు, ఆ మోళ్ళ నుంచి మళ్ళీ లేచిన కార్శి తోట మీద అందులో సగం తెచ్చేవాడు. దిగుబడి పడిపోయే మూడో కార్శికి పైసా ముట్టేవాడు కాదు. షావుకారు ఇస్తానన్నా వద్దనేవాడు. అన్నం కారియర్ పట్టుకుని వెళ్ళిన చిన్న తలుపులమ్మతో ఒకసారి అన్నాడు: "ఎవడిచ్చేడని కాదే అమ్మీ, ఏ తోట మీద తెచ్చేడని అడగాల. తోట సచ్చిపోయినా అప్పు మాత్తరం మొలుత్తానే ఉంటాది."

ఈ కంపెనీ ఏ తోట మీద తెచ్చింది? పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు. ఆ కొత్త అప్పు ఎవరిది? తన నలభై సెంట్లది. వెంటనే ఇంకో భయం. తనకేం తెలుసు? ఇంత ఎత్తు బిల్డింగులు కట్టేవాళ్ళకి తెలియదా? చెరకు లెక్క అపార్టుమెంట్లకి పనికొస్తుందా? తను అడ్డుపడి, రేపు ఆ కంపెనీ బ్రహ్మాండంగా నడిస్తే, నెలకి నలభై ఎనిమిది వేలు పోగొట్టిన ఆడదని బతికున్నన్నాళ్ళూ అంటారు. పెట్టనిచ్చి అది మునిగితే మాత్రం ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. మా రాత అంటారు. మొగవాళ్ళ తప్పుకి రాత అని పేరు, ఆడదాని తప్పుకి ఆడదాని పేరే.

"అమ్మీ," అంది కూతురితో, "ఎప్పుడు తీర్చాలో తేదీ లేని అప్పుని ఏటంటారు?"

"అలగెవరిస్తారమ్మా?"

"ఇచ్చేరనుకో."

హాసిని ఆలోచించింది. "తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బయితే అది అప్పు కాదు, వాటా. వాటా ఉన్నోళ్ళకి ఓటు ఉంటాది. కంపెనీ ఏం చెయ్యాలన్నా వాళ్ళని అడగాలి."

తలుపులమ్మ బెండకాయలు తరుగుతూనే ఉంది. హాసిని పుట్టిన ఏడు చేతి గాజులు అమ్మి నానాజీకి ఆటో కొనిపెట్టింది. "అప్పేటే? ఇంటికిచ్చేవు," అన్నాడు. ఆ ఆటో అమ్మేసినప్పుడు ఆమెని అడగలేదు. గేదె పాల డబ్బు, చెరకు డబ్బు, తండ్రి దినకార్యంనాడు అన్న తన చేతిలో పెట్టిన నోట్లు, అన్నీ ఇంటికే. ఓటు!

రాత్రి అన్నాల దగ్గర మాట కదిపింది. "మావా, కంపెనీ ఈ ఏడు తొంభై ఆరు కోట్లు కట్టాలంట. సేతిలో పదకొండే ఉన్నాయంట."

నానాజీ ముద్ద నోట్లో పెట్టుకుని మరీ నవ్వాడు. "బ్యాంకోడు పిచ్చోడేటే? మూడొందల కోట్లు ఇచ్చేడంటే ఆ కంపెనీ దమ్మేటో సూడు. నాకు ముప్పై వేలిమ్మంటే ఆధారు కార్డడిగేడు, నీ ఆధారడిగేడు, సచ్చిపోయిన మా బాబు ఆధారు కూడా అడిగేడు. అప్పు ఊరికే పుడతాదేటి?"

అదీ లెక్క. కొట్టులో బల్ల మీద ఎవరు కూర్చున్నారో చూసి పెద్దమనిషిని గుర్తుపట్టే లెక్క. అప్పు ఎంత పెద్దదైతే మనిషి అంత గట్టివాడు. త్రినాధరావుకి అది తెలుసు. అందుకే లెక్కల పుస్తకం దాచకుండా ధైర్యంగా మోసుకు తిరుగుతున్నాడు.

అత్త అప్పలకొండమ్మ మజ్జిగ పోసుకుంటూ అందుకుంది. "నీ బాబిచ్చిన భూమని మెళ్ళో కాసులపేరునాగ ఏసుకు తిరుగుతన్నావు ఇన్నేళ్ళూ. మొగోడు ఎట్టమన్నకాడ సంతకం ఎట్టడానికి కూడా సదువు కావాలేటే?"

"అయినా నువ్వేటి, షావుకారివా?" అన్నాడు నానాజీ. "కూర్లో ఉప్పెయ్యడం మర్చిపోయేవు, కోట్లు మాత్తరం లెక్కెడతన్నావు."

నిజమే, కూరలో ఉప్పు లేదు. ఆమె లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి, అందరి కంచాల పక్కనా పెట్టింది.

సోమవారం వరకూ ఆమెకి ఏ పనిలోనూ చెయ్యి నిలవలేదు. పాలు పొంగిపోయాయి. గేదె కట్టు తాడు కట్టడం మర్చిపోతే అది పొరుగువాళ్ళ వరినారు తినేసింది. ఆ తిట్లూ ఆమే పడింది. తోటకి వెళ్ళి గట్టు మీద నిలబడితే కాలవ వైపు చెరకు కాస్త ఎర్రబారి ఉంది. ఆ వైపు ఎప్పుడూ నీరు నిలుస్తుంది. రోడ్డు వైపు ముదురు ఆకుపచ్చగా గాలికి ఊగుతోంది. వద్దంటే? ఇంట్లో ఉండనిస్తారా? బంగారయ్య బయానా ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? బయానా పుచ్చుకున్న మాట తప్పితే ఊళ్ళో తలెత్తుకోగలదా? తప్పు చేసింది తను కాదు. అయినా తలెత్తుకోలేనిది తనే. ఆమె అక్కడే కూర్చుని చాలాసేపు ఆ ఎర్రబారిన వైపే చూసింది.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో బల్ల మీద బంగారయ్య, నానాజీ, త్రినాధరావు వరసగా కూర్చున్నారు. ఆమె గోడ వార నిలబడింది. బంగారయ్య జేబులో మిగతా డబ్బుకి చెక్కు ఉంది. పేరు పిలిచారు. ఆఫీసరు కాగితాల మీంచి తలెత్తాడు.

"ఇష్టపడే అమ్ముతున్నారా అమ్మా? డబ్బు ముట్టిందా?"

"ముట్టిందండి," అన్నాడు నానాజీ.

"మిమ్మల్ని కాదు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె తరఫున నానాజీ చెప్పిన జవాబుని ఒకరు కాదనడం ఆమె మొదటిసారి విన్నది. గోడ వదిలి ఆఫీసరు ముందుకి వచ్చింది.

"మూడు సెంట్లకి ముట్టింది బాబూ."

"ఏంటీ?"

"సెంటు ఎనభై వేలు కాడికి రెండు లక్షల నలభై వేలు బయానా మా ఆయన పుచ్చుకున్నారు. అది మూడు సెంట్లకి సరి. మూడు సెంట్లకే రాయండి, సంతకం ఎడతాను. మిగతాది అమ్మను."

"ఏటే, మతి గాని పోయిందా నీకు?" నానాజీ లేచాడు.

"బావా, కూకో, నలుగురూ సూత్తన్నారు," అని అతని చెయ్యి లాగి, త్రినాధరావు గొంతులో తీపంతా పోగేశాడు. "చెల్లెమ్మా, పరువు..."

"అన్నయ్యా," అంది ఆమె, "ఆ బయానా డబ్బు కంపెనీ కాణ్ణుంచి ఈయేళ ఎనక్కి తెచ్చిచ్చీ. మూడు సెంట్లు కూడా అమ్మను. బంగారయ్యగారి సొమ్ము ఆయనకే ఇచ్చీసి ఇంటికెళ్ళిపోదాం."

త్రినాధరావు చెప్పుల వైపు చూసుకున్నాడు. "ఐదేళ్ళ దాకా తియ్యడానికి ఉండదు తలుపులమ్మా."

చెల్లెమ్మా అనలేదు. పేరు పెట్టి పిలిచాడు. ఆమెకి ఎందుకో ఊపిరి ఆడింది.

బంగారయ్య ఆ ఇద్దరు మొగాళ్ళనీ మార్చి మార్చి చూశాడు. సిమెంటు అరువిచ్చి రాబట్టుకునే మనిషి. "ఏ వైపమ్మా ఆ మూడు సెంట్లు?"

"కాలవ గట్టు వైపు."

"ఓలమ్మ, అక్కడ కొట్టు కడితే సిమెంటు కాలవే తాగెత్తాది." కాసేపు చెవి గోక్కున్నాడు. "సర్లే. బయానా కోసం ఈళ్ళ సుట్టూ తిరగడం కన్నా కాలవ గట్టే నయం. కాయితం మార్చి రాయించండి."

కాగితం మార్చి రాసేసరికి సాయంత్రమైంది. నానాజీ ఆగకుండా బండేసుకుని వెళ్ళిపోయాడు. ఇంటికెళితే ఏం జరుగుతుందో ఆమెకి తెలియదు. ఆ కంపెనీ మునుగుతుందో, నిలబడి తనని నవ్వులపాలు చేస్తుందో అదీ తెలియదు. ఆటోలో కూర్చుని, వేలికి అంటిన సిరా కొంగుతో తుడుచుకోబోయి ఆగింది. ఆటో కె. కోటపాడు రోడ్డెక్కి తోట పక్కనుంచి పోతుంటే, కాలవ వైపు చూడకుండా రోడ్డు వైపు చెరకుని కళ్ళతో కొలుచుకుంది. ఆడదాని మాట వినని ఒక ఇంటికి, అప్పుని దమ్మనుకున్న ఒక మొగాడికి, తండ్రి ఇచ్చిన నలభై సెంట్లలో ఆమె పోగొట్టుకున్నది మూడు సెంట్లు.