ఊడిందా, ఊడదీసిందా

ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమ్మ, అచ్చాఫీసు మేనేజరు అందించిన కాగితాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవవలసిన అవసరం కనబడలేదు. పక్క కుర్చీలో ఆమె చెల్లెలి కూతురు కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాగితాలు కోసే మిషను ఆ పిల్ల రెండు వేళ్లను చీరేసింది. కత్తికి అడ్డుండే గార్డును తనే తీసేసిందని తేలితే ఉద్యోగమూ ఊడుతుంది.

“షీ టుక్ ఆఫ్ ద గార్డ్,” పైకి చదివింది పెద్దమ్మ. “ఇది రాసిన మహానుభావుడెవరు?”

“నేనే,” అన్నాడు గోడకానుకుని నిలబడ్డ సూపర్‌వైజరు. “మీ పిల్ల చెప్పిందే రాశాను. కింద సంతకం కూడా చేసింది.”

“గార్డు ఊడిందన్నాను సార్! నాకు ఇంగ్లీషు రాదని మీకు తెలీదా?”

“ఊడిందన్నా, ఊడదీసిందన్నా ఒకటేలే. ఇంగ్లీషులో రెండింటికీ ఆఫే.”

“ఆఫ్ ఒకటే. దాని ముందు మాట ఒకటి కాదు,” అంది పెద్దమ్మ.

మేనేజరు విసుక్కున్నాడు. “టీచరుగారూ, ఇది బడి కాదు.”

“కాదు. బడిలో తప్పు రాసినవాడికే మార్కులు పోతాయి. ఇక్కడ పక్కవాళ్ల కూడు పోతోంది.”

ఆమె చూపు సూపర్‌వైజరు చొక్కా మీద ఆగింది. నడుమ ఒక గుండీ లేదు, దారప్పోగు వేలాడుతోంది.

“ఆ గుండీ ఏమైంది నాయనా?”

“ఊడింది. ఏం, కుట్టిపెడతారా?”

“కుడతాను. ముందు ఆ ముక్క ఇంగ్లీషులో రాయి.”

ఇదేం చాదస్తమన్నట్టు నవ్వి, అతడు గీకి పడేశాడు: ద బటన్ కేమ్ ఆఫ్.

పెద్దమ్మ రెండు కాగితాలనూ మేనేజరు ముందు పక్కపక్కన పరిచింది.

“చూడండి. తన గుండీ దానంతటదే ఊడిందట, కేమ్ ఆఫ్. మా పిల్ల గార్డు దగ్గరికి వచ్చేసరికి టుక్ ఆఫ్, తనే ఊడదీసిందని. తెలియక రాసింది కాదిది, తెలిసే రాసింది.”

సూపర్‌వైజరు చెవులు కందిపోయాయి. “పొరపాటు…”

“గార్డు బోల్టు అరిగిందని నెల్లాళ్ల కిందటే మీకు చెప్పాను సార్,” అంది పిల్ల.

మేనేజరు అతడి వంక చూడకుండానే కలం తోశాడు. “మార్చు. బోల్టు సంగతి కూడా రాయి.”

అతడు పళ్లు నూరుతూ పాత వాక్యం కొట్టివేసి, పైన ద గార్డ్ కేమ్ ఆఫ్ అని రాసి, బోల్టు సంగతీ చేర్చాడు. పెద్దమ్మ ప్రతి వాక్యానికీ తెలుగు చెప్పాకనే పిల్ల ఎడమచేత్తో సంతకం చేసింది.

“కట్టు విప్పాక పనికి వస్తావుగా,” గొణిగాడు సూపర్‌వైజరు, “అప్పుడు చూస్తా.”

పెద్దమ్మ కలాన్ని మళ్లీ అతడి ముందుకు జరిపింది.

“ఏం చూస్తావో అదీ రాసివ్వు.”