కంచె అవతలి పాదాలు

ప్రఫుల్ల మాంచెస్టర్‌లో ఎముకల డాక్టరు. 2004 వేసవిలో ఆమె సెలవు శనివారాలన్నీ ఊరి బయట ఒక పొలంలో మట్టి గోకడంతోనే గడిచాయి. అక్కడ ఇళ్లు కట్టబోతున్నారు. ఒకప్పుడు అక్కడుండి, తర్వాత ఆనవాలు లేకుండా పోయిన ఆరేడు వందల ఏళ్ల నాటి చర్చినీ దాని శ్మశానాన్నీ ఈలోగా వెలికితీయమని తవ్వకాల వాళ్లకు ఆరు వారాల గడువిచ్చారు. వాళ్లకు సాయంగా వెళ్లేది ప్రఫుల్ల. చర్చి రాళ్లను ఊరివాళ్లు ఎప్పుడో పీక్కెళ్లి ఇళ్లకు వాడుకున్నారు. గోడలున్న చోట నల్లమట్టి చారలే మిగిలాయి.

ఐదో శనివారం, వానలో, ఆమె తాపీకి ఒక ఆడమనిషి అస్థిపంజరం తగిలింది. ఆ మనిషి బతికుండగానే ఎడమ తొడ ఎముక విరిగి, వంకరగా అతుక్కుంది. ఆపరేషన్లు లేని కాలం. నెలల తరబడి ఎవరో మంచం దగ్గర కూర్చుని తినిపించి ఉంటారు. తర్వాత లేచి నడిచిందా? పాదాల ఎముకలు చూస్తే తెలియొచ్చు. కానీ మోకాళ్ల దగ్గరే తవ్వకాల హద్దు కంచె అడ్డొచ్చింది. కింది కాళ్లు కంచె అవతలి మట్టిలో ఉన్నాయి.

"ఇంకో గజం తవ్వితే చాలు," అంది.

తవ్వకాల పెద్ద హిల్డా తల అడ్డంగా ఊపింది. "మన అనుమతి కంచె వరకే."

ఇళ్లు కట్టే కంపెనీలో ఇంజనీరు విద్యాసాగర్‌ది కడప. ప్రఫుల్ల అతని దగ్గరికి వెళ్లింది.

"ఆడ కార్ పార్క్ వస్తాదక్కా. పైన తారు పోసేదే, కింద తవ్వేది లేదు. ఎముకలకేం కాదు."

"నాకవి కనపడాలి బాబూ! మీ ఆఫీసులో అడుగు."

అడిగాడు. ఉత్తరం రాయమన్నారు. రాసింది. జవాబుకు పదిరోజులన్నారు. తారు పోసేది శుక్రవారం. అనుమతులిచ్చే ఊరి కౌన్సిల్‌కు ఫోన్ చేస్తే, ఆ పని చూసే ఆఫీసరు సెలవులో ఉందన్నారు. బుధవారం హిల్డా దొరికినంత వరకు ఎముకలను పెట్టెకెత్తేసింది.

శుక్రవారం క్లినిక్ మధ్యలో వదిలేసి వచ్చేసరికి తారు పొగలు కక్కుతోంది. విద్యాసాగర్ ప్లాను పట్టుకుని ఎదురొచ్చాడు.

"పాదాలు యాడుండాయో దీంట్లో గుర్తు పెట్టినానక్కా. ఎప్పుడన్నా తవ్వితే..."

"ఎప్పుడయ్యా? నేను బతికుండగానా?"

అతను ప్లాను మడిచాడు. ఆమె కారెక్కింది.

తర్వాత తవ్వకాల్లో దొరికినవి దాచే స్టోరుకెళ్లి ఆ పెట్టె తెరిపించింది. ఎడమ తుంటి కీలు గిన్నె, ఆ వంకర కాలి మీద బరువు మోపినట్టు, కుడిదానికన్నా బాగా అరిగి ఉంది. 'నడిచే ఉంటుంది' అని హిల్డాకు రాసింది. 'ఉంటుంది అన్న మాట రిపోర్టులో పెట్టలేం' అని జవాబొచ్చింది.

మరుసటి ఏడు రిపోర్టు వచ్చింది. ఆ మనిషికి దక్కింది ఒక్క వాక్యం: రెండు కాళ్లూ అసంపూర్ణం.

ప్రఫుల్ల దాన్ని టేబుల్ మీదకు విసిరింది. భర్త జగన్మోహన్ తీసి చదివాడు.

"ఇంతకీ నడిచిందంటావా?"

"తెలీదు. తెలుసుకునేదాన్నే. గజం మట్టి తియ్యనివ్వలేదండీ, గజం!"