ఇసుకబల్ల మీద లడాయి

గుండయ్యకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. లాల్‌దర్వాజాలో ఎవరినడిగినా ఈ మాటే చెప్తారు. ఆ ఆదివారం పొద్దున మాత్రం కారణం ఉంది. పక్కింటి వెంకటనారాయణ అరుగు దిగుతూ "ఫికర్ చెయ్యకు గుండన్నా, భిక్షపతి వస్తడు, రాక యాడికి పోతడు?" అని ఓదార్చి పోయాడు. ఏణ్ణర్ధం నుంచీ ఊళ్ళో ప్రతివాడిదీ ఇదే పాట. కొడుకు భిక్షపతి పటాలంతో మలయా పోయాడు. అక్కడ ఆ పటాలం జపానువాళ్ళ చేతిలో ఓడిపోయాక సర్కారు నుంచి ఒక్క కాగితం వచ్చింది: మనిషి కనబడుట లేదు. అంతే. ఆ ముక్కకు అర్థమేమిటో దండులో పనిచేసిన గుండయ్యకు ఒకరు చెప్పాలా? అయినా కోడలి ముందు "వస్తడు బిడ్డా" అంటూనే ఉన్నాడు. ఆ అబద్ధం మొదలుపెట్టిన నాటి నుంచీ అతనికి అన్నం మీద కూడా కోపమే.

"సక్కూ! ఎంతసేపే గా గచ్చకాయలు? ఇటు రా, పటాలం ఆట నేర్పిస్త!"

తొమ్మిదేళ్ల మనవరాలు సక్కుబాయి పరుగున వచ్చింది.

గుండయ్య పదిహేడేళ్లు బొల్లారం దండులో ఓ కప్తాను దొర దగ్గర అర్దలీగా, చేతికింది నౌకరుగా చేశాడు. సాయంత్రాలు దొరలు బల్ల మీద ఇసుక పోసి, గుట్టలు చేసి, సీసపు బొమ్మలతో లడాయి ఆడేవారు. చచ్చిన బొమ్మల్ని ఏరి డబ్బాలో వేసే పని గుండయ్యది. ఆ ఆట వాళ్ళకన్నా తనకే బాగా వచ్చని అతని గట్టి నమ్మకం. తన సలహా ఒక్కనాడూ అడగని ఆ కప్తానును ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు.

వాకిట్లో పాత తలుపురెక్క మీద మూసీ ఇసుక పోశాడు. సీసపు బొమ్మలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? చింతగింజలే సిపాయిలు. నల్లవి తాతవి, అరగదీసిన తెల్లవి మనవరాలివి.

"సిపాయి ఒక్కపారికి జానెడు నడుస్తడు. ఎదురువడితె ఇద్దరం గవ్వలెయ్యాలె. ఎవ్వలియి ఎక్కువ ఎల్లెలకల వడ్తె ఆళ్లు గెలిసినట్టు. సమజైందా?"

"నీ జాన పెద్దగున్నది తాతా! నాది గింతే. తొండి!"

"తొండా? నేనా?" గుండయ్య కస్సుమన్నాడు. కానీ ఆ బుడ్డ చెయ్యి చూసి తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దొరలు అందరికీ ఒకే కట్టెతో కొలిచేవారు, ఆ సంగతే మరిచిపోయాడు. "సరే తీ! ఇద్దరికీ నీ జానే. నా గింజలకు సుత నువ్వే కొలు." ఒప్పుకోవలసి వచ్చినందుకు ఒళ్ళు మరింత మండింది.

ఆట సాగింది. గుట్ట దగ్గర సక్కు సిపాయిలు ముగ్గురు పోయారు. గుండయ్య వాటిని ఏరి డబ్బాలో వేశాడు. మళ్ళీ గవ్వలేసిన సక్కు, డబ్బాలోంచి ఒక గింజ తీసి ఇసుక మీద పెట్టేసింది.

"ఏందే గది?"

"ఆరు వడ్డయి గద! సచ్చింది మళ్ల పుట్టింది."

"ఇది పచ్చీసు గాదే, లడాయి! లడాయిల సచ్చినోడు సచ్చినట్టే!"

"పచ్చీసుల పుడ్తది..."

"పుట్టదంటున్న గదా! దిమాఖ్ ఉన్నదా నీకు? సచ్చిన సిపాయి మళ్ల రాడు! ఎన్ని గవ్వలేసినా రాడు, అమ్మవారికి ఏడు బోనాలెత్తినా రాడు! ఈ ఇంటికి వచ్చేటోడు ఎవ్వడు లేడు!"

సక్కు తాత మొహంలోకి చూసింది. "బాపు గూడ రాడా?"

గుండయ్య తలెత్తి చూస్తే వంటింటి గడపలో కోడలు కృష్ణమ్మ నిలబడి ఉంది. చేతులనిండా జొన్నపిండి. అంతా విన్నది.

"బిడ్డా, నేను ఆట సంగతి..."

"ఇంక సాలు మామా!" కోడలి గొంతు అంత పెద్దదని గుండయ్యకు ఆనాటిదాకా తెలియదు. "ఏడాదిన్నర సంది పొద్దుగాల లేసి బొట్టు వెట్టుకుంటున్న, ఎవ్వలి కోసమనుకున్నవ్? నీ కోసం! నా మొగం బోసిగ జూస్తె ముసలోని పానం వోతదని! కాగితం వచ్చిననాడే నాకు తెల్సు. నువ్వు వస్తడంటవ్, నేను అవ్ మామా అంట. నా మొగని కోసం నేను ఏడ్వనీకి జాగ లేకుంట జేస్తివి గద!"

కృష్ణమ్మ వచ్చి కూతురి పక్కన కూలబడింది. "రాడు బిడ్డా. మీ బాపు ఇగ రాడు" అంది. ఆ ఇంట్లో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

సక్కు ఏడవలేదు. కళ్ళెర్రజేసి అడిగింది. "మరి బాపును గా లడాయికి ఎవ్వలు తోలిన్రు?"

కృష్ణమ్మ చప్పున బిడ్డ నోరు మూయబోయింది. గుండయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నేనే బిడ్డా" అన్నాడు. "పటాలంల భర్తీకి రానంటే కొట్టి తోలుకపోయిన."