కార్జం ముక్క

జయమ్మ కాలు మిషన్ మీదే ఉంది, చూపు మాత్రం మాటిమాటికీ కొట్లోకే పోతోంది. ఆబిడ్స్‌లోని ఆ మ్యాచింగ్ సెంటర్ మెట్ల పక్కన కూర్చుని ఆమె చీరలకు ఫాల్స్ కుడుతుంది. లోపల ఆమె మొగుడు ప్రహ్లాద్ జాకెట్టు ముక్కలు కోస్తాడు. పొద్దున్నే నాంపల్లి గల్లీలోంచి కలిసి నడిచి వస్తారు, కొట్టు కట్టేశాక కలిసే పోతారు. వాళ్ల కాపురం సగం ఈ మెట్ల దగ్గరే గడిచింది.

ఇప్పుడు ప్రహ్లాద్‌కి కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు. షుగరూ కొవ్వూ కలిసి కార్జాన్ని, అదే లివర్‌ని, తినేశాయని, మందు ముట్టనివాళ్లకూ ఇలా అవుతుందని డాక్టరు చెప్పాడు. తాగి మోరీ పక్కన పడ్డ తండ్రిని భుజాన వేసుకుని మోసిన కొడుకు ప్రహ్లాద్. పెళ్లి బరాత్‌లో సీసా కనిపించినా దూరం జరిగేవాడు. కానీ పచ్చకళ్లు చూస్తే లోకానికి తోచేది ఒక్కటే. కంపౌండరు మొదలు ఇంటి ఓనరు దాకా అందరూ ఎంత తాగేవాడనే అడిగారు. ఆ అడిగిన నోళ్లు పడిపోను. చెప్పీ చెప్పీ జయమ్మకు గొంతు పోయింది.

ప్రహ్లాద్ తమ్ముడు రవికిరణ్ తన కార్జంలో ముక్క ఇస్తానన్నాడు. పరీక్షలన్నీ కలిశాయి. సర్కారు దవాఖానలో వచ్చే వారమే ఆపరేషన్. జయమ్మ రక్తం కలవలేదు గానీ, కలిసుంటే ఎవర్నీ బతిమాలేది కాదు.

ఆ మధ్యాహ్నం ప్రహ్లాద్ తూలాడు. ఒకామె ఆకుపచ్చ లైనింగ్ అడిగితే ఎర్ర తాను విప్పి అడ్డదిడ్డంగా కోసుకుంటూ పోయాడు. కార్జం కడగలేని విషం తలకెక్కితే మనిషి ఇలా అవుతాడని, వెంటనే తీసుకురావాలని డాక్టరు ముందే హెచ్చరించాడు. జయమ్మ లోపలికి ఉరికేలోపే సేటు గల్లా దిగి వచ్చాడు. గిరాకీలందరి ముందూ ప్రహ్లాద్ గదవ పట్టుకుని, వాసన చూడ్డానికి నోరు తెరవమన్నాడు. ప్రహ్లాద్ చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. తియ్యటి వాసనేదో వచ్చింది. అది రోగం వాసన.

దవాఖానలో సంతకాలకు అన్నను తీసుకుపోదామని అప్పుడే వచ్చిన రవికిరణ్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇంక తాగుతనే ఉన్నడా వదినా?"

డాక్టరు చెప్పిందంతా ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తాను స్వయంగా వాసన చూశానన్నాడు సేటు. ఆదివారమొస్తే తనే క్వార్టర్ వేసుకునే రవికిరణ్‌కి డాక్టరు మాటకన్నా సేటు ముక్కు మీదే నమ్మకం కుదిరింది.

"నాకు పిల్లలున్నరు. తాగి పాడుచేస్కునెటోనికి నా పాణం కోసియ్యాల్నా?" అని వెళ్లిపోయాడు.

దవాఖానకు పోతుంటే ఆటోలో ప్రహ్లాద్‌కి కాస్త తెలివొచ్చింది. "నేను తాగిన్నా జయా?" అని అడిగాడు. అంతమంది అనేసరికి తన మీద తనకే అనుమానం వచ్చింది పాపం.

"తాగలే," అంది జయమ్మ.

మర్నాడు ఆమె సీసాలో నీళ్లు పట్టుకుని వార్డులోకి వచ్చేసరికి నర్సు అతని ముఖం మీదికి దుప్పటి లాగుతోంది.

మూడో రోజు చాదర్‌ఘాట్ దగ్గర మూసీ పక్కన పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవి విస్తట్లో పెడితే కాకి ముట్టాలి, అప్పుడే ఆత్మ తృప్తిపడ్డట్టు. జయమ్మ బగారన్నం, కోడికూర, ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది. రవికిరణ్ ఏడ్చుకుంటూ వచ్చి, జేబులోంచి క్వార్టర్ తీసి, మూత తిప్పి విస్తరి పక్కన నిలబెట్టాడు. చుట్టాలు మెచ్చుకోలుగా తలలూపారు.

"కార్జం ముక్క ఇయ్యమంటే సీస తెచ్చినవా," అంది జయమ్మ. "ఎత్తు దాన్ని. మీ అన్న ముట్టలే."

ఎవరూ కదల్లేదు. పోయినవాళ్లకు పెట్టింది తిరిగి ఎత్తకూడదని ఎవరో గొణిగారు. పగలగొడదామని జయమ్మ చెయ్యి చాచింది. గాజుపెంకులు రేపొచ్చేవాళ్ల పాదాల్లో దిగుతాయని ఆగిపోయింది. ఇంతలో కాకి వాలి బిస్కెట్ ముక్క ఎత్తుకుపోయింది. అందరూ దండం పెట్టి, వెనక్కి చూడకుండా నడిచారు. జయమ్మ ఒక్కతే తిరిగి చూసింది.

విస్తరి పక్కన ఆ క్వార్టర్ సీసా, మూతి దాకా నిండుగా, నిలబడే ఉంది.