పొడుగాయన చదివే గోడ

రెండో కాగితానికి బంక పూస్తుండగానే వెనక నీడ పడింది. ఎవాల్దో తల తిప్పలేదు. పెసారో ఊళ్ళో అంత పొడుగు నీడ ఒక్కరిదే.

"ఎవరు పోయారోయ్?" అన్నాడు ఫియోరెంజో.

"అచ్చేసే ఉందిగా, చదువుకోండి."

ఊళ్ళో ఎవరు పోయినా ఫోటోతో, అంత్యక్రియల వేళతో కాగితం అచ్చేస్తారు. వాటిని గోడలకు అంటించడమే ఎవాల్దో పని. పొట్టి మనిషి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎండిన బంక, బకెట్ మోసీ మోసీ కిందికి జారిన కుడి భుజం. ఫియోరెంజో సంగతి వేరు. బాస్కెట్‌బాల్ మానేసి ముప్పై ఏళ్ళు దాటినా ఊరింకా ఆయన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది. బార్‌లో నోరు తెరవకముందే కాఫీ వస్తుంది. పసిపిల్లల్ని తెచ్చి చేతుల్లో పెడతారు.

ఎవాల్దోకి ఇదంతా నమ్మబుద్ధి కాదు. ఆట మానేసినవాణ్ణి జనం మరిచిపోవాలి, అది లోకరీతి. ఈయన్ని మరవలేదంటే ఏదో కిటుకుంది. పొద్దున్నే వచ్చి, బంక ఆరకముందే కాగితాలు చదువుతాడు. మధ్యాహ్నానికల్లా చావింట్లో హాజరు. ఇక చూడాలి, పోయినవాళ్ళని వదిలేసి జనమంతా ఈయన చుట్టూనే!

"ఎన్నికల్లో నిలబడతారా ఏంటి?" ఇవాళ అడిగేశాడు.

ఫియోరెంజో నవ్వాడు. "పనులు మానుకుని నా ఆటకి వచ్చారయ్యా వీళ్ళంతా. ఇప్పుడు నేను వెళ్ళొద్దూ?"

అబ్బో, ఎంత నున్నటి మాట! ముందే వల్లించి పెట్టుకున్నాడు, అనుకున్నాడు ఎవాల్దో.

మధ్యాహ్నం వృద్ధాశ్రమంలో తల్లికి సూప్ తాగించాడు. దీనా బతుకంతా బజార్లో చేపలు కోసింది. వేళ్ళు ఇప్పటికీ చాకు పట్టుకున్నట్టే వంకర తిరిగి ఉంటాయి.

"ఏరా, నన్ను సాగనంపడానికి ఫియోరెంజో వస్తాడా?"

"ఆయనెందుకమ్మా? నేనున్నాగా."

"నువ్వెలాగూ ఉంటావు. ఆయనొస్తే నలుగురూ వస్తారు. వెళ్ళి అడగరా."

"ఆ నాటకాలరాయుణ్ణా? చచ్చినా అడగను."

"చచ్చేది నువ్వు కాదురా, నేను," అంది దీనా చెంచా పక్కకి నెట్టి.

ఎవాల్దోకి ఒళ్ళు మండింది. రోజూ సూప్ తాగించేది తను, ఆవిడ కోరుకునేది ఆయన్ని. మూతి తుడిచి వచ్చేశాడు.

సాయంత్రం పనిలో ఉండగా ఆశ్రమం నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయిందట.

అమ్మ కాగితాలు అచ్చేయించి, ఊరంతా తనే అంటించుకుంటూ వచ్చాడు. ఫియోరెంజో రోజూ చదివే, బార్ పక్క గోడ దగ్గర చెయ్యి ఆడలేదు. ఇక్కడ అంటించకపోతే ఆయనకి తెలియదు. అమ్మ తనొక్కడి అమ్మగానే వెళ్ళిపోతుంది. తెలిసిందో, రేపు అమ్మ శవపెట్టె వైపు ఒక్కరూ చూడరు.

కానీ అడిగింది అమ్మ.

బార్‌లోకి వెళ్ళి, ఎవరినీ అడక్కుండా ఒక కుర్చీ లాక్కొచ్చాడు. దానిమీదికెక్కి, చేతులు చాపి, అందినంత ఎత్తున అంటించాడు.

"అంత పైన ఎవరికి కనబడుతుంది, ఎవాల్దో?" అంది బార్ నడిపే ఒర్నెల్లా, గుమ్మంలోకి వచ్చి.

"కనబడాల్సినవాడికి కనబడుతుంది. రోజూ నడుం వంచుకుని చదువుతున్నాడు ముసలాడు." కుర్చీ దిగాడు. "రాకపోవాలి, అప్పుడు చెప్తా వాడి పని!"

బకెట్ తీసుకుని అమ్మ దగ్గరికి నడిచాడు. గోడ కింద బార్ కుర్చీ అలాగే ఉండిపోయింది, దానిమీద తెల్లటి బంకలో రెండు బూట్ల అచ్చులు.