శుక్రవారం దించిన అలారం

మార్చి పద్నాలుగు, శుక్రవారం. ఆ సాయంత్రం నేను తిన్నది మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించిన చేప, రెండు తెల్ల బ్రెడ్డు ముక్కలు, కాస్త క్యాబేజీ. పైవాటాలో అద్దెకుండే రెనీటా పళ్లెం మీద పళ్లెం బోర్లించి తెచ్చిచ్చింది. నా భార్య ఇమోజీన్ పోయిన దగ్గర్నుంచీ ప్రతి శుక్రవారం తెస్తూనే ఉంది. నేను వద్దనని వారం లేదు, ఆమె విన్న వారం లేదు.

"ముళ్లు చూసుకు తినండి ఆమోస్ గారూ. గొంతులో ఇరుక్కుంటే అంబులెన్సు పిలిచే ఓపిక నాకు లేదు."

మా టొలీడో ఊళ్లో, మా వీధిలో, శుక్రవారమంటే చేపలు. చేపలంటే పొగ. పొగంటే నడవలో కప్పుకి బిగించిన పొగ అలారం చెవులు చిల్లులు పడేలా అరవడం. అందుకని మూకుడు పొయ్యెక్కే ముందు అలారం కప్పు దిగుతుంది, భోజనాలయ్యాక మళ్లీ ఎక్కుతుంది. ఇమోజీన్ కూడా దాన్ని దించి ఫ్రిజ్ మీద పెట్టేది. అది తప్పని వీధిలో అందరికీ తెలుసు. అలాగని చేప మానేసిన ఇల్లు ఒక్కటీ లేదు.

రెనీటాకి మాత్రం ఆ తప్పు మిగతావాళ్లకన్నా బరువు. ఆమె ఉంటున్నది ప్రభుత్వం ఇచ్చిన అద్దె వోచర్ మీద. అద్దెలో పెద్ద వాటా హౌసింగ్ ఆఫీసు నాకు పంపుతుంది, చిన్న వాటా ఆమె ఇస్తుంది. అందుకు ఆమె ఒప్పుకున్న షరతులున్నాయి. గ్యాసూ కరెంటూ ఆగకూడదు, అలారాన్ని ముట్టుకోకూడదు, తనిఖీకి వస్తే తలుపు తియ్యాలి. ఇక ఆఫీసుకి పేరు చెప్పని మనిషి ఆ ఇంట్లో కాపురం ఉండకూడదు. చుట్టపుచూపుగా వస్తే రెండు వారాలు, అంతే. వోచర్ పోతే మళ్లీ దొరకడానికి ఏళ్లు పడుతుంది. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకి సేవచేసి సంపాదించే జీతంతో, బడికెళ్లే కూతురు జనేని పెట్టుకుని, మామూలు అద్దెకి ఆమె ఈ ఊళ్లో ఒక్క గది కూడా తీసుకోలేదు.

ఆమె తమ్ముడు వెండెల్ జైలు నుంచి విడుదలై అక్క దగ్గరికొచ్చి అయిదు వారాలైంది. "నాలుగు రోజులుండి పోతాడు" అని నాతో అంది. ఆ తర్వాత రాత్రుళ్లు నా మంచానికి సరిగ్గా పైన బరువైన అడుగులు అటూ ఇటూ తిరగడం వినబడుతూనే ఉండేది. ఇంటివాణ్ణి గదా, అడగొచ్చు. అడగలేదు.

సోమవారం పొద్దున తనిఖీ. కిందటేడు అలారం కప్పు మీద లేదని రెనీటాకి ఒక హెచ్చరిక వచ్చి ఉంది. తెల్లవారకముందే పైన చీపురు చప్పుడు మొదలైంది. జనేని బడికి పంపాక వెండెల్‌ని వెంటబెట్టుకుని కిందికి దిగింది.

"తనిఖీ ఆవిడ వెళ్లేదాకా వీణ్ణి ఇక్కడ కూచోబెట్టుకోండి ఆమోస్ గారూ. ఒరేయ్, దగ్గొద్దు. నీ దగ్గు వీధి అవతలికి వినబడుద్ది."

"దగ్గు ఆపుకోమంటే ఇంకా వస్తది అక్కా," అన్నాడు వెండెల్ నెమ్మదిగా.

ముప్పై అయిదేళ్ల మనిషి, నా వంటగది గుమ్మమంత ఉంటాడు. కుర్చీ అంచున కూచున్నాడు. కాఫీ పోస్తే గ్లాసు వంక చూస్తూ ఊరుకున్నాడు. తాగమన్నాకే తీసుకున్నాడు. కొంతసేపటికి "బాత్రూంకి వెళ్లొచ్చా అండీ?" అని అడిగాడు. నా ఇంట్లో ఏ తలుపు తియ్యాలన్నా నా మొహం చూశాడు.

తనిఖీ చేసే మిసెస్ హార్గ్రోవ్ మోకాళ్ల నొప్పితో రొప్పుతూ వచ్చింది. ఇంటివాడిగా నేనూ వెనకే మెట్లెక్కాను. రెనీటా తలుపు తీసింది. ఇల్లు అద్దంలా ఉంది. మిసెస్ హార్గ్రోవ్ కిటికీలు ఎత్తి దించింది, పొయ్యి వెలిగించింది, కుళాయిలు తిప్పింది. "వేన్నీళ్లు బాగా వస్తున్నాయమ్మా. మా ఇంట్లో రావు," అంది. రెనీటా నవ్వబోయింది.

అప్పుడావిడ నడవలోకొచ్చి తలెత్తింది.

కప్పు మీద గుండ్రటి తెల్లమచ్చ, ఖాళీ బిగింపు. అలారం లేదు.

శుక్రవారం దాన్ని దించింది రెనీటా తమ్ముడే. శనివారం ఆమె డ్యూటీకెళ్లింది, అతను మళ్లీ పెట్టే ఉంటాడనుకుంది. గదులన్నీ తుడిచిన మనిషి తల మాత్రం పైకెత్తలేదు.

"అలారం ఏదమ్మా?"

"ఉంది... ఫ్రిజ్ మీద ఉండాలి."

ఫ్రిజ్ మీద లేదు. సొరుగుల్లో లేదు. రెనీటా ఒక్కో తలుపూ తీసి మూస్తోంది. ఇంతలో ఎక్కడో కిచ్‌మని చిన్న శబ్దం. బ్యాటరీ అయిపోవచ్చిన అలారం అరుపు. ముగ్గురం ఆగిపోయాం. కాసేపటికి మళ్లీ కిచ్‌మంది, నడవ చివర గోడ అల్మారాలోంచి.

ఆ అల్మారా రెనీటా తియ్యలేదు. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయింది. అందులో ఏం దాచిందో పొద్దున కిందికొచ్చినప్పుడే నాతో చెప్పింది. వెండెల్ సంచీ, చుట్టిన పరుపు, మడమలరిగిన బూట్లు. తర్వాత తెలిసింది, రాత్రంతా ఆ కిచ్‌కిచ్‌కి నిద్ర పట్టక అలారాన్ని స్వెటర్లో చుట్టి సంచీ అడుగున కుక్కేశాడట.

మిసెస్ హార్గ్రోవ్ అల్మారా దగ్గరికి నడిచింది. పిడి మీద చెయ్యేసి, తిప్పకుండా, వెనక్కి చూసింది.

"తియ్యమంటావా?"

కింద నా వంటగదిలో ఎవరో దగ్గారు.

రెనీటా నా వంక చూసింది. నేనేదైనా అబద్ధం అల్లితే దానికి తలూపడానికి సిద్ధంగా ఉన్న చూపు. అది నా పాత కోట్ల అల్మారా అని చెప్పొచ్చు. కిందున్నది నా మేనల్లుడని చెప్పొచ్చు. ఆ రెండు అబద్ధాలూ సంచీ తెరిచేదాకా నిలబడతాయి, తర్వాత ఆమెనే ముంచుతాయి.

"తీస్తే మగబట్టలు కనబడతాయండీ," అంది రెనీటా. "మా తమ్ముడివి. అయిదు వారాలైంది. చెప్పాల్సింది, చెప్పలేదు."

మిసెస్ హార్గ్రోవ్ పిడి మీంచి చెయ్యి తీసేసింది.

"మీకు తెలుసా?" అని నన్నడిగింది.

"అడుగుల చప్పుడు తెలుసండీ."

ఆవిడ కిటికీ అంచున కూలబడి మోకాలు రుద్దుకుంది. "చూడమ్మా. నా పని గోడలూ తీగలూ. కప్పు మీద అలారం లేదు, అది రాస్తాను. సాయంత్రం నాలుక్కి మళ్లీ వస్తా, అప్పటికి అది అక్కడుండి అరవాలి. అల్మారా నేను తియ్యలేదు. కానీ నువ్వు చెప్పింది నా చెవిన పడింది, దాన్ని వెనక్కి తోసెయ్యలేను. నేను ఆఫీసుకి చేరేలోపు నువ్వే ఫోన్ చెయ్యి. దొరికినవాళ్లనీ చెప్పినవాళ్లనీ వాళ్లు ఒకేలా చూడరు." లేస్తూ అంది, "శుక్రవారాలు నేనూ చేపలు వేయిస్తా తల్లీ. అలారం కింద మా ఆయన్ని తువ్వాలిచ్చి నిలబెడతా. విసురుతూనే ఉంటాడు."

రెనీటా మెట్ల మీద కూచుని ఫోన్ చేసింది. నేనూ వెండెల్ కింద మెట్టు దగ్గర నిలబడి విన్నాం. అవునండీ, తెలుసండీ, అవునండీ. ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగింది.

"ఇవాళ్టికల్లా వీడు ఖాళీ చెయ్యాలంట. ఎక్కడికెళ్లాడో ఆ ఇంటివాళ్లు సంతకం పెట్టి రాసివ్వాలంట. ఇస్తే హెచ్చరికతో పోద్ది. లేకపోతే విచారణ."

"నేను ఇల్లు లేనివాళ్ల షెల్టర్‌కి పోతా," అన్నాడు వెండెల్.

"అక్కడ మంచాల్లేవని మొన్న నువ్వేగా చెప్పింది."

"మంచం లేకపోతే కుర్చీ."

"కుర్చీకి అడ్రసుంటదారా? పరోలు ఆఫీసరు అడ్రసు అడిగితే ఏం చెప్తావ్? నాలుగు కాళ్ల కుర్చీ, టొలీడో అని చెప్తావా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. చేతుల్లో మొహం దాచుకుంది.

నా వాటాలో ఒక గది ఖాళీగా ఉంది. ఖాళీ అనడం తప్పు. ఇమోజీన్ కుట్టు మిషనుంది. సూది కింద ఆమె సగం అంచు కుట్టి వదిలేసిన కిటికీ తెర అలాగే ఉంది. దుమ్ము దులపడానికి తప్ప ఆ గది నేను తియ్యను. నాకు వేరే వంటగది, వేరే వాకిలి. వోచర్ షరతులు ఆ మెట్ల దగ్గరే ఆగిపోతాయి. ఇదంతా పైన అల్మారా ముందు నిలబడ్డప్పుడే తోచింది. నోరు మాత్రం ఇప్పటిదాకా రాలేదు.

"కుట్టు గదుంది," అన్నాను.

రెనీటా తలెత్తింది. "వద్దు ఆమోస్ గారూ. అది ఆవిడ గది."

"అవును. ఆవిడుంటే పొద్దున్నే చెప్పేది. నాకు మధ్యాహ్నమైంది."

కాగితం రాసి సంతకం పెట్టాను, రెనీటా బస్సెక్కి ఆఫీసుకి పట్టుకెళ్లింది. కొత్త బ్యాటరీ వేసి అలారం నేనే బిగించాను. వెండెల్ కుర్చీ కదలకుండా పట్టుకున్నాడు. నాలుక్కి మిసెస్ హార్గ్రోవ్ వచ్చి మీట నొక్కి, అది అరుస్తుంటే చెవులు మూసుకుని, తల ఊపి వెళ్లిపోయింది. అప్పటికి రెనీటా కూడా తిరిగొచ్చింది. కాగితం తీసుకున్నారట. హెచ్చరిక ఇంటికి పంపిస్తామన్నారట.

మిషను కదపాలి. వెండెల్ దాన్ని నిద్రపోతున్న పిల్లనెత్తినట్టు రెండు చేతుల మీదా ఎత్తబోయాడు. తెర దగ్గర ఆగాడు.

"ఇది తియ్యొచ్చా అండీ?"

"సూది దించి ఉంది. చక్రం వెనక్కి తిప్పు, దానంతటదే వదులుద్ది."

వదిలింది. ఆ తెరని అంచు మడత చెదరకుండా చుట్టి నా చేతికిచ్చాడు. రెనీటా పరుపు దించుతూ, "గురకకి వేరే అద్దె వసూలు చెయ్యండి. మొహమాటపడకండి," అంది. పొద్దున్నుంచి ఆమె గొంతు మామూలుగా వినబడింది అప్పుడే.

పడుకునే వేళకి ఆ గది గుమ్మంలో నిలబడ్డాను. వెండెల్ పరుపు అంచున కూచుని ఉన్నాడు, బూట్లు పక్కపక్కన పెట్టి. అన్నేళ్లూ అతని తలుపు వేరేవాళ్లే వేశారు, వేరేవాళ్లే తీశారు. అది నాకు అప్పుడే తట్టింది.

"తలుపు వెయ్యమంటావా, తీసి ఉంచమంటావా?"

ఆలోచించాడు. తనేం చెప్పాలని నేననుకుంటున్నానో వెతుకుతున్నట్టు నా మొహం చూశాడు.

"నేను వేసుకుంటానండీ," అన్నాడు.

లేచి వచ్చి పిడి పట్టుకున్నాడు. ఒకసారి తిప్పి చూశాడు. తర్వాత చప్పుడు కాకుండా, లోపలి నుంచి, తలుపు వేసుకున్నాడు.