ఇంకా రాని నెగెటివ్

కరివేపాకును సర్ఫు నీళ్లలో కడిగితే తప్పేంటో సారక్కకు ఎంతకీ అర్థం కాలేదు.

"పప్పు నురగలు కక్కుతాంది. ఇది తినాల్నా, ఇండ్ల బట్టలు నానబెట్టాల్నా?" భర్త మంగయ్య కంచం పక్కకు జరిపాడు. "ఇన్నేండ్లు బాయిల బొగ్గు మసి మింగి బతికిన. సర్ఫు తిని పోయేటట్టున్న."

"కడుపు సాఫ్ అయితది, తిను."

కొడుకు సాయికృష్ణకు నవ్వాగలేదు. కోడలు హర్షిత మాత్రం ఒళ్లో పాపను జోకొడుతూ అత్త చేతులకేసి చూసింది. సబ్బుకు ఒరిసి, పగుళ్లిచ్చిన చేతులు.

కరోనాకు మంగయ్య దవాఖానాలో పడి, బతికి బయటపడ్డాడు. మళ్లీ బొగ్గుబాయి డ్యూటీకీ పోతున్నాడు. ఊరంతా ఆ రోగాన్ని మరిచిపోయింది. సారక్క చేతులే మరవలేదు. పాల ప్యాకెట్, తలుపు గొళ్లెం, తాళంచెవులు, దేనికీ స్నానం తప్పదు. పాప పుట్టి నెలలు గడిచినా ఆమె ఒక్కసారీ ఎత్తుకోలేదు. చేతులు కడుక్కొస్తానని బావి దగ్గరికి పోయేది. ఎంత కడిగినా శుభ్రమైనట్టుండేది కాదు. వచ్చేసరికి పాప నిద్రపోయేది.

కొత్తగూడెంలో మనసు డాక్టరుకు చూపిద్దామని హర్షిత అంటే, "నేనేమన్న పిచ్చిదాన్నా?" అని ఇంతెత్తున లేచింది.

ఇప్పుడు హర్షిత మెల్లగా అంది: "అన్నీ నెగెటివ్‌గ ఆలోచిస్తున్నరు అత్తమ్మా. జర పాజిటివ్‌గ ఉండున్రి."

సారక్క చేతిలోని గరిటె ఠంగున కింద పడింది.

"ఆ మాట ఇంట్ల అనకు బిడ్డా! నెగెటివ్ అంటెనే మంచిది. మీ మామకు నెగెటివ్ రావాలెనని భద్రాద్రి రామునికి ఎంత మొక్కిన్నో నీకేమెర్క!"

ఇల్లంతా నవ్వులే నవ్వులు. సారక్కా నవ్వేసింది. మంగయ్యే ముందుగా ఆపాడు.

"నాకు అప్పుడే వచ్చిందే నెగెటివ్," అన్నాడు. "నీకే ఇంకా రాలె."

ఆ నవ్వుల చప్పుడుకు పాప కళ్లు విప్పి, నాయనమ్మను చూసి బోసిగా నవ్వింది, చేతులు చాచింది. సారక్క చేతులు ముందుకు సాగి, మధ్యలో ఆగిపోయాయి. అలవాటుగా కాళ్లు బావివైపు తిరిగాయి. గడప దాకా పోయి ఆమె నిలబడింది.

వెనక్కి వచ్చి మంగయ్య ముందున్న పప్పు కంచం తీసేసింది.

"పచ్చిపులుసు చేస్త, ఆగున్రి," అంది. గరిటె అందుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా, చిన్నగా చెప్పింది:

"రేపు కొత్తగూడెం పోదాం. పోరిని ఎత్తుకోవాలె గదా, నాకు గూడ నెగెటివ్ రావాలె."